దీక్షా శిబిరంలో మామగారి నిమ్మరసం

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, జీఎస్టీ అనే మాట మా నోళ్లలో ఇంకా సరిగా తిరగని రోజుల్లో, బేతంచెర్ల మొత్తానికి ప్రభుత్వం మీద అభిప్రాయం లేని మనిషంటూ ఉంటే అది నేనొక్కణ్ణే. తక్కినవాళ్లందరికీ పొద్దున టీ లేకపోయినా జరిగేది గానీ అభిప్రాయం లేకపోతే పొద్దు గడిచేది కాదు. స్టేషన్ రోడ్డులో టీ అంగడి దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఢిల్లీలో ఎవరేం తప్పు చేశారో, మా కుళాయికి నీళ్లెందుకు రావడం లేదో, రెండూ ఒకే దమ్ములో తేలిపోయేవి. రేషన్ బియ్యం సంచి భుజాన వేసుకొని వచ్చినాయన "గవర్నమెంటు అన్నీ ఊరికే ఇచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేస్తాండాదప్పా" అని వాపోయేవాడు. (ముందు ఆ సంచి దింపి మాట్లాడమని అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. తక్కినవాళ్ల సంచులు అప్పటికే ఇళ్లకు చేరి ఉండేవి.) రోడ్డు వేయలేదని తిట్టినాయనే, రోడ్డు వేయడానికి మనుషులొస్తే తన అంగడి మెట్లు పోతున్నాయని తిట్టేవాడు. పన్నులు ఎక్కువయ్యాయని ఏడ్చేవాళ్లూ, సర్కారు ఆస్పత్రిలో మందుల్లేవని ఏడ్చేవాళ్లూ వేర్వేరు మనుషులు కాదు. అదే మనిషి, అదే టీ గ్లాసు.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఊరంతా ఒకే మాట మీద ఉండేది. అల్లుడు గవర్నమెంటు ఉద్యోగి అయి ఉండాలి. ప్రభుత్వాన్ని తిట్టని నోరు లేదు, ప్రభుత్వోద్యోగి సంబంధం వద్దన్న ఇల్లూ లేదు. ఈ రెండింటి మధ్యా పడి నలిగిపోతున్నవాణ్ణి నేను. డిగ్రీ అయ్యాక మా పెద్దనాయన నడిపే పాలిష్ ఫ్యాక్టరీలో చేరాను. గనుల నుంచి గరుకుగా వచ్చిన నాపబండలు మా మిషన్ల కింద నున్నబడి లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. నా పని ఆఫీసులోనే గానీ, ఆ ఆఫీసుకు తలుపు సరిగా పడదు. సాయంత్రానికి రాతిదుమ్ము పడి నా జుట్టూ మీసమూ తెల్లగా అయిపోయేవి. పెళ్లి కావలసిన పిల్లోడు రోజూ ముసలివాడై ఇంటికి వస్తున్నాడని మా అమ్మ బాధ. సంబంధం వాళ్లు వచ్చి, "పిల్లోడేం చేస్తాడు?" అని అడిగేవారు. "బండల ఫ్యాక్టరీలో..." అనేది అమ్మ. "మంచిదే" అని కాఫీ తాగి లేచిపోయేవారు. మా ఇంట్లో ఆ రెండేళ్లలో కాఫీ పొడి అయిపోయినంత తొందరగా ఇంకేదీ అయిపోలేదు.

అట్లాంటప్పుడు కడప నుంచి ఒక సంబంధం వచ్చింది. మధ్యవర్తి ముందు ఫోటో తెచ్చాడు. అందులో ఆ పిల్ల, ఫోటో తీసేవాణ్ణి చూసి నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది. మూతి బిగించింది గానీ కళ్లు మాత్రం ఆగలేదు. ఇన్ని ఫోటోలు చూశాను గానీ, ఈ ఫోటోను మాత్రం చొక్కా జేబులో పెట్టుకొని ఫ్యాక్టరీకి పోయాను, దుమ్ము పడకుండా రుమాలులో చుట్టి మరీ. తండ్రి కడపలో ఏదో గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాడట. పిల్లోడికి సర్కారు ఉద్యోగం లేకపోయినా, గుణం మంచిదైతే ఆలోచిస్తానన్నాడట. ఆ మాట విన్నాక మా అమ్మ వెంటనే ఒంటిమిట్ట రాముడికి మొక్కుకుంది, ఈ సంబంధం కుదిరితే దంపతులను వెంటబెట్టుకొని కల్యాణానికి వస్తానని. నాకూ లోపల ఒకటే గుబులు, ఈ పిల్ల తప్పిపోతే ఇక నాకు పెళ్లి వద్దనిపించింది.

సరిగ్గా అప్పుడే మా ఊళ్లో పన్ను మీద పోరాటం మొదలైంది. కొత్త పన్నుతో బండల బేరం పడిపోయిందని ఫ్యాక్టరీల వాళ్లంతా కలిసి తాలూకాఫీసు ముందర రిలే నిరాహార దీక్షకు దిగారు. వాళ్ల సంఘానికి అధ్యక్షుడు మా పెద్దనాయనే. రిలే దీక్ష అంటే తెలియనివాళ్లు కంగారు పడనక్కర్లేదు. పొద్దున ఉగ్గాని, బజ్జీలు కడుపునిండా తిని, పదింటికి మెడలో బంతిపూల దండ వేయించుకొని షామియానా కింద కూర్చోవాలి. సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తే తాగి ఇంటికి పోవాలి. మర్నాడు ఇంకొకరు. అట్లా ప్రభుత్వం దిగివచ్చేదాకా. (మా వాళ్లు ఎంత మంచివాళ్లంటే, ప్రభుత్వం ఎంత ఆలస్యం చేసినా ఎవరి ఒంట్లోనూ మాంసం తగ్గకుండా పోరాడగలరు.) మా ఫ్యాక్టరీ వంతు వచ్చేసరికి పెద్దనాయనకు కడుపులో గ్యాసు లేచింది. "నీకేమప్పా, పెండ్లామా, పిల్లోళ్లా. నువ్వు కూసో" అన్నాడు నాతో. ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ, నాకు మాత్రం కలుక్కుమంది.

నా పక్కన కూర్చున్నది మా ఫ్యాక్టరీలో పాత మేస్త్రి. ఆయన్ను అందరం చాచా అనేవాళ్లం. గడ్డం నెరిసినా మిషన్ శబ్దం విని రాయిలో పగులుందని చెప్పే మనిషి. మా ఉపవాసం చూసి ఆయనకు ఒకటే నవ్వు. "ఏం బేటా, పొద్దున అంత ఉగ్గాని తిని ఉపాసమంటావే. మా రోజాకి నీళ్లు గూడ ముట్టం తెలుసునా. గవర్నమెంటు మిమ్మల్ని చూసి యాల బయపడతాది?" అనేవాడు. ఆయన మాత్రం నిజంగానే ఏమీ తినకుండా వచ్చాడు. కూర్చుంటే సరిగ్గా కూర్చోవాలంటాడు.

ఇక్కడ మా వైపు అలవాటొకటి చెప్పాలి. పెళ్లిచూపులకు ముందు ఆడపిల్ల తరఫు పెద్ద ఒకరు చెప్పాపెట్టకుండా పిల్లోడి ఊరికి వస్తారు. ఫలానా అని చెప్పుకోరు. టీ అంగట్లో, క్షవరం అంగట్లో, పనిచేసే చోట ఊసుపోకకన్నట్టు మాటలు కలిపి, పిల్లోడు తాగుతాడా, అబద్ధాలాడతాడా, ఆస్తి ఉందా, అన్నీ ఆరా తీసి బస్సెక్కి పోతారు. దొంగతనంగా చూడకపోతే మనిషి గుణం తెలియదని మావాళ్ల నమ్మకం. ఆ రోజు మధ్యాహ్నం కడప నుంచి నంద్యాల మీదుగా బస్సులు మారి మా ఫ్యాక్టరీకి వచ్చిన మనిషి నా కోసం అడిగితే, వాచ్‌మన్ షామియానా వైపు వేలు చూపించాడట. ఆ వచ్చింది ఆ పిల్ల తండ్రి అని మీకు తెలిసిపోయింది. నాకు తెలియదు. నా కష్టాలన్నిటికీ మూలం అదే.

చొక్కా ప్యాంటులోకి దోపుకొని, జేబులో రెండు పెన్నులు పెట్టుకొని, చంకలో మడిచిన పేపరుతో వచ్చి నా పక్కనే జంపఖానా మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ విలేకరి వస్తాడు వస్తాడని ఎదురుచూస్తున్న నాకు ఆ పెన్నులు చూడగానే ప్రాణం లేచొచ్చింది. వార్తలో నా పేరు పడితే కడప ఎడిషన్‌లో కూడా వస్తుందేమో, ఆ పిల్ల చూస్తుందేమో అని ఆశ.

"ఏమప్పా, ఎందుకిట్ల కూసోనుండారు?" అన్నాడాయన.

"పన్ను మీద దీక్ష అన్నా. రాస్కోండి."

"పన్ను కట్టకపోతే రోడ్లు యట్లొస్తాయప్పా?"

నాకు అభిప్రాయాల్లేవని మొదట్లోనే చెప్పాను. కానీ రెండేళ్లు టీ అంగడి దగ్గర నిలబడ్డవాడికి అరువు అభిప్రాయాలకు కరువా? "రోడ్డా? మా లారీలు పోయే రోడ్డు చూసినారా అన్నా? బండ ఫ్యాక్టరీలో పగలదు, రోడ్డు మీద పగులుతాది. మన పన్నులన్నీ యాడికి పోతాండాయంటే ఆఫీసుల్లో జీతాలకు. పదకొండింటికి వస్తారు, ఒంటిగంటకు క్యారియర్ ఇప్పుతారు, నాలుగింటికి గొడుగు పట్టుకొని బస్టాండులో ఉంటారు. గవర్నమెంటు ఉద్యోగస్తులను సగం మందిని ఇంటికి పంపితే పన్నే అక్కర్లేదు. రాస్కోండి" అన్నాను. ఆయన రాసుకోలేదు. కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచిని మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు. అందులోంచి క్యారియర్ పిడి బయటికి కనిపిస్తోంది. (అది నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. గుర్తొచ్చిన రోజు అన్నం సయించలేదు.)

ఆయన మంచినీళ్లు తాగడానికి లేచినప్పుడు చాచా నా చెవిలో, "బేటా, ఆయప్ప పేపరాయన కాదు. ఇందాక వాచ్‌మన్ దగ్గర నీ పేరు చెప్పి అడిగినాడంట. నాకైతే మఫ్టీ పోలీసు మాదిరుండాడు" అన్నాడు. పోలీసు రికార్డులో పేరెక్కితే కడప సంబంధం సంగతి సరేసరి, ఇక కాఫీ తాగడానికి కూడా ఎవరూ రారు. ఆయన తిరిగొచ్చి కూర్చునేసరికి నేను వేరే మనిషినైపోయాను.

"సార్, పన్ననేది దేశానికి మనం వేసే ఎరువు మాదిరి సార్" అన్నాను.

"ఇందాక వేరేగా చెప్తివే?"

"అది వీళ్లందరి మాట సార్. గవర్నమెంటు ఉద్యోగస్తులు లేకపోతే మనకు దిక్కెవరు? పాపం, క్యారియర్ ఇప్పడానికి గూడ టైముండదు వాళ్లకు. నేను దీక్షలో లేను సార్. ఎండగా ఉంటే నీడకొచ్చి కూసోనుండా."

ఆయన నా మెడలోని బంతిపూల దండ వైపు కాసేపు చూశాడు. నేను కూడా చూసుకున్నాను. తర్వాత అడగడం మొదలుపెట్టాడు.

"ఏం పని చేస్తాండావు?"

"ఏం పనీ లేదు సార్. ఊరికే తిరుగుతాంటా."

"ఇందాక మా లారీలు, ఫ్యాక్టరీ అంటివే?"

"నాకూ దానికీ ఏం సంబంధం లేదు సార్."

"సొంతిల్లు ఉండాదా?"

"లేదు సార్, బాడుగది." (సొంతిల్లే. కేసు పెడితే జప్తు చేస్తారేమోనని ముందు జాగ్రత్త.)

"పెండ్లయిందా?"

ఇక్కడ నేను తడబడ్డాను. పెళ్లాం పిల్లలు ఉన్నవాడంటే పోలీసులకు కొంచెం జాలి ఉంటుందని ఎవరో చెప్పగా విన్నాను. "అయింది సార్" అని నోటిదాకా వచ్చింది. కానీ జేబులో రుమాలు, రుమాలులో ఫోటో. ఆ ఒక్కటీ అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "కాలేదు సార్. కడపలో ఒక సంబంధం చూస్తాండారు. అది కుదిరితే సాలు" అన్నాను. ఆయన పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు మాత్రం ఎందుకో కొంచెంగా ఊగుతూ ఉంది.

సాయంత్రమైంది. నిమ్మరసం ఇవ్వడానికి వస్తానన్న నాయకుడు రాలేదు. ఇంకో ఊళ్లో ఇంకో శిబిరంలో ఇంకెవరికో నిమ్మరసం ఇస్తున్నాడని కబురొచ్చింది. అసలు విలేకరి మాత్రం అప్పుడే కెమెరాతో దిగాడు. గ్యాసు తగ్గిన మా పెద్దనాయన శిబిరమంతా కలయజూసి, దోపుకున్న చొక్కానూ రెండు పెన్నులనూ పట్టేశాడు. "అన్నా, పెద్దమనిషి మాదిరుండావు. నీ చేత్తోనే కానియ్యి" అని ఆయన చెయ్యి పట్టుకొని లేపాడు. కాదనాలంటే తానెవరో చెప్పాలి. చెబితే ఆరా తీయడానికొచ్చిన సంగతి బయటపడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆయన పనిచేసేది కడపలో పన్నుల ఆఫీసులోనే. కక్కలేక మింగలేక గ్లాసు పట్టుకున్నాడు. మైకులో మా పెద్దనాయన, "మన పోరాటానికి మద్దతుగా ఎంతో దూరం నుంచి విచ్చేసిన పెద్దలు" అని కూడా అనేశాడు.

ఆ గ్లాసు నా ముందుకొచ్చింది. నాకు ఒకటే అనుమానం. నిమ్మరసం తాగితే దీక్షలో ఉన్నట్టు సాక్ష్యం దొరికినట్టే. పోలీసు తన చేత్తో సాక్ష్యం తాగించి, ఫోటో తీయించి, రాత్రికి స్టేషనుకు పిలుస్తాడు. రెండు చేతులతో గ్లాసును అందుకొని, అట్లాగే పక్కనున్న చాచా నోటి దగ్గర పెట్టాను. పొద్దుటి నుంచీ నిజంగా ఎండిపోయి ఉన్న చాచా ఒక్క గుక్కలో తాగేశాడు. కెమెరా మెరిసింది. ఆ వచ్చిన మనిషి బస్సు టైమైందని ఎటు పోయాడో పోయాడు. నేనూ దండ తీసి చంకలో దాచుకొని సందుగొందుల గుండా ఇంటికి చేరాను.

మర్నాడు పొద్దున మధ్యవర్తి పేపరు పట్టుకొని మా ఇంటికొచ్చాడు. జిల్లా పేజీలో ఫోటో పడింది. ఆయన గ్లాసు ఇస్తున్నాడు, నేను దాన్ని కళ్లు సగం మూసుకొని పక్కనున్న ముసలాయనకు పట్టిస్తున్నాను. (భయంతో మూసుకున్న కళ్లు ఫోటోలో భక్తితో మూసుకున్నట్టు పడతాయని అప్పుడే తెలిసింది.) "ఈయన యాల వచ్చినాడప్పా ఈడికి? ఈయనే గదా పిల్ల నాయన" అన్నాడు మధ్యవర్తి. ఏ ఆఫీసో కూడా చెప్పాడు. నేను అరుగు మీద కూలబడ్డాను. పనీపాటా లేదు, ఇల్లు లేదు, గవర్నమెంటు ఉద్యోగస్తులను ఇంటికి పంపాలి, ఎండకు నీడకొచ్చి కూర్చున్నాను. నా నోటితో నేనే నా పెళ్లికి సమాధి కట్టుకున్నాను. అమ్మకు చెబితే చాటున కళ్లొత్తుకుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు యట్లుండాదిరా నాయనా" అంది.

అంతలో కడప నుంచి ఎవరూ ఊహించని కబురు వచ్చింది. నిశ్చితార్థానికి రమ్మన్నారు, అదీ ఆ వారంలోనే. తర్వాత మా ఆవిడ ద్వారా తెలిసిన కథ ఏమిటంటే, ఆ ఫోటో కడప ఎడిషన్‌లో కూడా పడిందట. కడప ఆఫీసులో పెద్ద సారు ఆ పేపరును బల్ల మీద పరిచి, "పన్ను వసూలు చేసే ఆఫీసులో ఉండి పన్ను వద్దనేవాళ్లకు నిమ్మరసం ఇస్తారా? సంజాయిషీ రాసివ్వండి" అన్నాడట. ఆయన నీళ్లు నమిలి, "ఆ పిల్లోడు మాకు కాబోయే అల్లుడు సార్. అల్లుడు పస్తుంటే చూస్తా యట్ల ఊరుకునేది?" అనేశాడట. "ఓహో, నిశ్చితార్థం ఎప్పుడు?" అని సారు అడిగాడట. ఒక అబద్ధం చెప్పాక దాన్ని నిజం చేయకపోతే ఉద్యోగం నిలవదు కదా. ఆ విధంగా, ఏ ప్రభుత్వోద్యోగమైతే నాకు లేదని సంబంధాలన్నీ తప్పిపోయాయో, ఆ ప్రభుత్వోద్యోగం నిలబెట్టుకోవడానికే నాకు పిల్లనిచ్చారు. అని మా ఇంట్లో అందరం ఇన్నేళ్లూ చెప్పుకొని నవ్వుకుంటున్నాం. ఒంటిమిట్ట కల్యాణానికి మా అమ్మ మమ్మల్ని తీసుకుపోయి మొక్కు కూడా తీర్చుకుంది. ఫోటోలో ఆపుకున్న ఆ నవ్వును మా ఆవిడ పెళ్లయ్యాక ఆపుకోవడం మానేసింది. నేను టీవీ ముందు కూర్చొని ప్రభుత్వం మీద ఏదైనా అనడం మొదలుపెడితే చాలు, "నువ్వు దీక్షలో ఉండావా, నీడకొచ్చినావా?" అని అడుగుతుంది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న పాలిష్ యూనిట్ ఉంది. పన్ను కడతాను, కట్టిన రోజంతా తిడతాను. అరువు అభిప్రాయాలు పోయి సొంత అభిప్రాయాలు వచ్చాయి, అవీ ఆ టీ అంగడివి మాదిరే ఉన్నాయి. మామగారు రిటైరయ్యారు. మొన్నీమధ్య కడపలో పెన్షన్‌దారులు తమకు రావలసినవి రాలేదని రిలే దీక్ష పెట్టారు. సాయంత్రం ఆయన్ను ఇంటికి తీసుకురమ్మని అత్తగారు చెబితే పోయాను. మెడలో బంతిపూల దండతో కూర్చున్నారు. ప్రభుత్వం మాట తప్పిందని పక్కాయనతో ఆవేశంగా చెబుతున్నారు. అక్కడా రావలసిన నాయకుడు రాలేదు. నన్ను చూసి ఎవరో నా చేతికి గ్లాసు ఇచ్చారు.

మామగారికి గ్లాసు అందించాను. ఆయన దాన్ని తీసుకొని, పక్కన బాగా వయసుడిగిన ఒక పెద్దాయన ఉంటే, ముందు ఆయనకు పట్టించారు.

"మీరు తాగండి మామా" అన్నాను.

"నీ దగ్గర నేర్చుకున్నదే గదప్పా" అన్నారాయన. "ఆ పొద్దు నువ్వు పన్నును తిడితివి, పొగిడితివి, నాకేం పట్టలేదు. తాలూకాఫీసు ముందర కూసున్నోడు యవడైనా అట్లే మాట్లాడతాడు. పేపరు అడ్డం పెట్టుకొని నవ్వినా. కానీ నోటి కాడికొచ్చిన గ్లాసు తాగకుండా ఆ ముసలాయనకు ఇస్తివి చూడు, బస్సెక్కకముందే అనుకున్నా, పిల్లను వీనికే ఇయ్యాలని. సంజాయిషీ, ఉద్యోగం అంతా మీ అత్తను ఒప్పించడానికి చెప్పిన సాకు. ఆ సారు నవ్వి అప్పుడే ఊరుకున్నాడు."

అది జాలి కాదు మామా, భయం, మిమ్మల్ని పోలీసనుకున్నాను అని చెబుదామని నోరు తెరిచాను. అంతలో కెమెరా పట్టుకున్న కుర్రాడు ఇటు చూడమన్నాడు. చూశాను. ఆ రోజు నేను ముసలాయన దాహం చూసి గ్లాసు ఇవ్వలేదు. దాహం చూసే ఇచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. మామగారు నాలో చూశాననుకున్న ఆ మంచి పిల్లోడి పేరు మీదే ఇన్నేళ్లుగా నేను హాయిగా కాపురం చేసుకుంటున్నాను. ఇంకో గ్లాసు నిమ్మరసం అడిగి తీసుకొని, ఈసారి భయం లేకుండా, మామగారి నోటికి అందించాను.